స్వదేశ మట్టి మీద మూడుసార్లు

కెప్టెన్ గండ్రోతు చారుమతి తొంభై రోజుల్లో నాలుగు వందల పన్నెండుసార్లు విమానం దింపింది. గడ్డి మీద దింపింది, పగడపు పొడి మీద దింపింది, పందులు అడ్డం వస్తే మళ్ళీ పైకి లేపి, పాస్టరు గారు వాటిని అవతలికి తోలేదాకా ఆకాశంలో చక్కర్లు కొట్టి అప్పుడు దింపింది. ఒక్కసారి కూడా చక్రం పక్కకి పోలేదు. అయినా సరే, ఆమె విమానం దింపడం మరిచిపోయి ఉండవచ్చునని స్వదేశంలో ఒక కార్యాలయానికి అనుమానం వచ్చింది.

ఆ అనుమానం ఒక బూడిదరంగు కవరులో సముద్రాలు దాటి తలావు దీవుల్లోని లోమాయ్‌కి చేరింది. కవరు తెచ్చింది చారుమతే. టపా సంచీ ఆమె విమానంలోనే వస్తుంది కదా. దిగి, ఇంజను ఆపి, రెక్క నీడలో నిలబడి చింపి చూసుకుంది.

"మీ తాజాత్వము వచ్చు నెల పదిహేడవ తేదీతో ముగియుచున్నదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. అటుపిమ్మట మీరు తాజా కానివారుగా పరిగణింపబడుదురు."

చారుమతి పిఠాపురం పిల్ల. తాజా అన్నమాట సంతలో వంకాయల గురించి వినడమే గాని మనుషుల గురించి వినడం అదే మొదలు.

సంగతి ఏమిటంటే, తలావు దీవుల్లో పైలట్ లైసెన్సులిచ్చే ఆఫీసు లేదు. ఎవరి దేశపు లైసెన్సు మీద వాళ్ళు ఎగరాలి. అక్కడ అది చెల్లినంత కాలం ఇక్కడా చెల్లుతుంది. చారుమతి ఆరేళ్ళ నుంచి అలాగే ఎగురుతోంది. కొత్తగా వచ్చిన నిబంధన ప్రకారం మాత్రం, ఈమధ్య విమానం దింపినట్టు రుజువు చూపినవాళ్ళే 'తాజా', తాజా కానివాళ్ళ లైసెన్సు చెల్లదు. లోసే అనే పెద్దావిడ నడిపే విమాన కంపెనీలో ఉన్నది ఒక్కటే విమానం, పన్నెండు సీట్లది. పైలట్లు ఇద్దరు. రెండో ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. కాబట్టి తొమ్మిది దీవులకి మందులూ, టపా, టీచర్లూ, రోగులూ, కోళ్ళూ అన్నీ చారుమతి చేతుల మీదే తిరుగుతున్నాయి.

కవరులో ఫారం కూడా ఉంది. "గత తొంభై దినములలో చేసిన దింపుళ్ళు, కనీసము మూడు" అన్నచోట ఆమె 412 అని రాసి, లాగ్‌బుక్కు నకళ్ళు జతచేసి, దీవుల విమానాధికారి చేత ముద్ర వేయించి పంపింది. పది రోజులకి జవాబు వచ్చింది.

"మీరు చేసిన నాలుగు వందల పన్నెండు దింపుళ్ళను కూలంకషముగా పరిశీలించి, వాటిని సున్నగా నిర్ణయించడమైనది. పధ్నాలుగవ నిబంధన, గ విభాగము ననుసరించి, దింపుడు సమయమున విమాన చక్రములు స్వదేశ భూమిని తాకవలెను."

కింద సంతకం: ధూళిపూడి భీమశంకరం, ఉపసంచాలకులు, గగనయాన అనుమతుల సంచాలకాలయం.

ఆమె ఫోన్ చేసింది. భీమశంకరం గారు మూడో ప్రయత్నానికి దొరికారు. మనిషి మాట మెత్తన.

"సార్, నేను రోజుకి నాలుగైదుసార్లు దింపుతున్నానండీ."

"చాలా సంతోషమమ్మా. కానీ అక్కడ దింపుతున్నారు."

"నేను ఉన్నది ఇక్కడే కదండీ."

"వచ్చిన చిక్కల్లా అదే."

"పోనీ సెలవు పెట్టి అక్కడికే వచ్చి మూడుసార్లు దింపి వెళతాను."

"తప్పకుండా రండమ్మా. వచ్చేటప్పుడు తాజాత్వ పత్రం తెచ్చుకోండి. అది లేకపోతే ఇక్కడ విమానం ముట్టుకోనివ్వరు."

"ఇప్పుడున్న పత్రం పదిహేడుదాకా చెల్లుతుంది కదండీ?"

"అది పచ్చరంగుదమ్మా, విదేశంలో ఎగరడానికి. స్వదేశంలో ఎగరాలంటే గులాబీరంగుది కావాలి."

"గులాబీరంగుది ఎలా వస్తుందండీ?"

"మూడుసార్లు స్వదేశంలో దింపితే వస్తుంది."

ఆపైన భీమశంకరం గారే ఓదార్చారు. "మీరేం బాధపడకండమ్మా. మీమీద మాకు ఏ ఫిర్యాదూ లేదు."

పదిహేడుకి ఇంకా ఆరు రోజులుంది. చారుమతి ముఖ్య దీవి తోవాకి ఎగిరి, మన కాన్సులేటుకి వెళ్ళింది. కాన్సులేటు అంటే రొట్టెల బట్టీ మీద మేడ, రెండు గదులు. అందులో ఉండేది ఒకే అధికారి, ఆమంచి విశ్వపతి గారు. రాజమండ్రి మనిషి. ఆ దీవులకి మన దేశం నుంచి వచ్చేపోయేవాళ్ళు తక్కువ కాబట్టి ఆయనకి పని తక్కువ. నిబంధనల పుస్తకాలు చదువుకుంటూ కాలం గడుపుతారు. తెలుగు మాట వినపడేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. కాఫీ ఆయనే స్వయంగా కలిపారు.

ఉత్తరం చదివి, పధ్నాలుగో నిబంధన తీసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"అమ్మా, ఇందులో స్వదేశ భూమిని తాకవలెను అని ఉంది. అవునా?"

"అవునండీ."

"ఆ భూమి ఎక్కడ ఉండవలెనో ఉందా?"

చారుమతి కాఫీ కప్పు కింద పెట్టింది.

"లేదు!" అన్నారు విశ్వపతి గారు, బల్ల మీద అరచేత్తో కొట్టి. "కాన్సులేటు ఆవరణ మన దేశం కిందే లెక్క. కాకపోతే మనం మేడ మీదున్నాం. విమానం పట్టదు. కాబట్టి భూమినే తెప్పించాలి."

ఆయన వేళాకోళం ఆడుతున్నారేమో అనుకుంది చారుమతి. ఆయన అప్పటికే కాగితం తీసి 'విషయము' అని రాసి కింద గీత కొట్టారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ గీత అంత తిన్నగా ఎప్పుడూ రాలేదని తరవాత ఆయనే చెప్పారు.

ఆశ్చర్యం ఏమిటంటే సంచాలకాలయం కాదనలేదు. నిబంధనకి భంగం కలగని ఉపాయం ఏదైనా సరే వాళ్ళకి ఇష్టమే. "మీ ప్రతిపాదన యుక్తియుక్తముగా నున్నది. ఏ మట్టి పంపవలెనో నిర్ణయించుటకు ఒక సంఘము నియమించడమైనది" అని రాశారు.

ఈలోగా పదిహేడు దాటింది. చారుమతి విమానాన్ని లోమాయ్ షెడ్డులో పెట్టి, తాళం లోసే చేతికిచ్చింది.

"నిన్నటిదాకా ఎగిరావుగా?" అంది లోసే.

"నిన్న తాజాగా ఉన్నాను."

లోసే ఆమె మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకేం తేడా కనపడటం లేదు మరి."

మట్టి సంఘం మూడు వారాలు కూర్చుంది. ఆ సమావేశాల వివరాలు కాన్సులేటుకి వస్తే, విశ్వపతి గారు చారుమతికి ఫోన్‌లో చదివి వినిపించేవారు. ఒక సభ్యుడు దేశానికి తిండి పెట్టేది నల్లరేగడి గనక అదే పంపాలన్నాడు. ఇంకొకాయన ఎర్రమట్టిని పక్కన పెడితే తమ ప్రాంతం ఊరుకోదని లేచి బయటికి వెళ్ళి, టిఫిను వేళకి తిరిగొచ్చాడు. మూడో ఆయన గోదావరి ఇసుక పేరెత్తాడు. ఇసుక భూమా కాదా అని నాలుగు రోజులు చర్చించారు. చివరికి నల్లది, ఎర్రది, ఇసుక, చవుడు, తలా పదిహేను బస్తాలు, మొత్తం అరవై అని తీర్మానించారు. ప్రతి బస్తాకీ స్థానిక అధికారి సంతకంతో ఒక ధ్రువపత్రం: "ఈ మట్టి పుట్టుకతో ఇచ్చటిదేననియు, నాటినుండి నేటివరకు ఇచ్చటనే నివసించుచున్నదనియు ధ్రువీకరించడమైనది."

చారుమతి మొదట్లో నవ్వింది. నవ్వు ఎన్నాళ్ళో సాగలేదు.

మట్టి ఓడలో ఉండగానే లోమాయ్ బడిలో టీచరు మేలేకి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయి. విమానమైతే తోవా ఆసుపత్రికి నలభై నిమిషాలు. పడవైతే రెండు రోజులు. నేను తీసుకెళతాను, ఏమైతే అదవుతుంది అని చారుమతి తాళం కోసం పరిగెత్తింది. కానీ షెడ్డుకి దీవుల విమానాధికారి తన తాళం కూడా వేసి వెళ్ళాడు. అందరూ కలిసి మేలేని పడవలోకి ఎక్కించారు. చారుమతి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పడవ కనిపించినంత సేపూ చూసింది. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అనిపించింది ఆమెకి.

బిడ్డ పడవలోనే పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమని మూడో రోజు కబురు వచ్చింది. చారుమతి ఆ మధ్యాహ్నం సంచాలకాలయానికి ఒక ఉత్తరం రాసి విశ్వపతి గారికి ఫోన్‌లో చదివి వినిపించింది. ఆయన అంతా విని రాసుకున్నారు.

"అమ్మా, ఇందులో మూడు మాటలు ఆఫీసు భాషలో లేవు," అన్నారు మెల్లగా. "ఆ మూడింటినీ 'తీవ్ర అసౌకర్యము' అని మారుస్తాను. మిగతాది యథాతథంగా పంపిస్తాను. నా సంతకం కూడా పెడతాను."

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు గాని, మట్టి వచ్చింది.

బస్తాలు దించుకోవడానికి చారుమతి పడవలో తోవా చేరింది. రేవులో దీవుల వ్యవసాయ శాఖ అధికారి సెమీసీ అడ్డంగా నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, నెమ్మదస్తుడు. పరాయి మట్టి దీవుల్లోకి రాకూడదన్నాడు. అందులో పురుగులుంటాయి, గింజలుంటాయి, రోగాలుంటాయి.

"ఇది విమానం దింపడానికి," అంది చారుమతి.

"పురుగులకి ఆ సంగతి తెలియదు కదా. రెండు గంటలు బాగా కాల్చండి, వదిలేస్తాను."

అరవై బస్తాల మట్టి ఎక్కడ కాలుస్తారు? విశ్వపతి గారు కాన్సులేటుకి తిరిగొచ్చి, కుర్చీలో కూర్చుని, కాళ్ళ కిందికి చూశారు. కింద రొట్టెల బట్టీ ఉంది.

తొమ్మిది రోజులు పట్టింది. తెల్లవారుజామున రొట్టెలు, మధ్యాహ్నం నుంచి మట్టి. విశ్వపతి గారు చొక్కా చేతులు మడిచి, రేకులు లోపలికి తోయడం, బయటికి లాగడం నేర్చుకున్నారు. ఆ తొమ్మిది రోజులూ తోవా ఊళ్ళో రొట్టెలు తొలకరి వాన పడ్డ నేల వాసన వేశాయి. ఊళ్ళోవాళ్ళు బట్టీవాడి మీద విసుక్కున్నారు. చారుమతి మాత్రం ఒక రొట్టె కొనుక్కుని, రేవు గట్టు మీద కూర్చుని, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు తినకుండా ఉండిపోయింది.

కాల్చినట్టు సమాచారం పంపగానే సంచాలకాలయం ఉలిక్కిపడింది. "కాల్చిన మట్టి ఇటుక నిర్వచనము క్రిందికి వచ్చునేమోయను సందేహము కలిగినది. ఇటుక అయినచో ఈ విషయము గృహనిర్మాణ శాఖకు బదలాయింపవలసియుండును."

విశ్వపతి గారు రాత్రంతా ఆలోచించి పొద్దున్నే తంతి కొట్టినట్టు జవాబిచ్చారు. "ఇటుకకు ఆకారము కలదు. దీనికి లేదు."

దానితో సంచాలకాలయం వాదం వదులుకుంది. చక్రాలు మట్టిని తాకడం కళ్ళారా చూసి ధ్రువీకరించడానికి భీమశంకరం గారే స్వయంగా వస్తున్నారని తెలిపింది.

తోవా రన్‌వే సిమెంటుది. పెద్ద విమానాలు దిగే చోట మట్టి పోయడానికి వీల్లేదన్నారు అక్కడివాళ్ళు. కనక పరీక్ష లోమాయ్ గడ్డి మైదానంలో. తోవా దాకా భీమశంకరం గారు పెద్ద విమానంలో సుఖంగా వచ్చారు. తోవా నుంచి లోమాయ్‌కి విమానం లేదు. ఎందుకు లేదో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అరవై బస్తాలతో, విశ్వపతి గారితో కలిసి పడవెక్కారు.

రెండు రోజుల తరవాత పడవ లోమాయ్ రేవులో ఆగితే, భీమశంకరం గారిని ఇద్దరు పట్టుకుని దింపారు. బట్టతల, సన్నటి మనిషి, మెళ్ళో టై. మొహం తమలపాకు రంగులో ఉంది. చారుమతి కొబ్బరినీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన తాగి, కళ్ళు మూసుకుని, "సముద్రం ఇంత పొడుగుంటుందని ఫైల్లో ఎక్కడా లేదమ్మా," అన్నారు.

మర్నాడు పొద్దున దీవంతా మైదానం దగ్గరికి వచ్చింది. బస్తాలు విప్పి, పన్నెండు గజాల మేర మట్టి పరిచారు. దీవుల విమానాధికారి ఒక్కరోజు పరీక్షకి అనుమతిచ్చి తన తాళం తీశాడు. భీమశంకరం గారు గొడుగు వేయించుకుని, మట్టికి అయిదడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని, నోటుబుక్కు తెరిచారు.

"కాస్త వెనక్కి జరగండి సార్," అంది చారుమతి.

"తాకడం కనపడాలి కదమ్మా."

డెబ్భై రోజుల తరవాత ఆమె కాక్‌పిట్‌లో కూర్చుంది. చేతులు వాటంతట అవే పని చేశాయి. పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, తిన్నగా వచ్చి, ఆ పన్నెండు గజాల మొదట్లోనే చక్రాలు ఆనించింది. జనం ఈలలు వేశారు. ప్రొపెల్లరు గాలికి పొడిమట్టిలో సగం లేచి భీమశంకరం గారి మీద పడింది. మబ్బు విడిపోయాక స్టూలు మీద ఒక మట్టిబొమ్మ కూర్చుని ఉంది. ఆ బొమ్మ నోటుబుక్కు దులిపి, 'ఒకటి' అని రాసింది.

రెండోసారి దుమ్ము లేవకుండా లోసే బిందెలతో నీళ్ళు కొట్టించింది. మంచి ఆలోచనే. కానీ అందులో పదిహేను బస్తాల నల్లరేగడి ఉంది. తడిసిన రేగడిలో నడిచిన చెప్పుల గతి ఏమవుతుందో తెలిసిందే. చారుమతి దింపింది, చక్రాలు తాకాయి, భీమశంకరం గారు 'రెండు' అని రాశారు. విమానం అవతల చివరికి పోయి ఆగేసరికి మూడు చక్రాలకీ గుమ్మడికాయలంత బురద. పరిచిన చోట చూస్తే గడ్డి కనిపిస్తోంది. మిగిలిన మట్టి నలుదిక్కులా చెదిరిపోయి, స్వదేశం ఎక్కడ ఆఖరయి విదేశం ఎక్కడ మొదలయ్యిందో ఎవరూ చెప్పలేని పరిస్థితి వచ్చింది.

భీమశంకరం గారు మైదానమంతా వంగి చూశారు. "ఇంకొకటి మిగిలి ఉందమ్మా. మట్టి మిగల్లేదు."

చారుమతి ఖాళీ బస్తా ఒకటి ఎత్తి చూసింది. "మళ్ళీ తెప్పించాలా?"

"సంఘం మళ్ళీ కూర్చోవాలి."

ఆమె రెక్క కింద నేల మీద కూలబడింది. విశ్వపతి గారు మాత్రం విమానం చుట్టూ తిరుగుతున్నారు. వంగి, చక్రాన్ని వేలితో పొడిచి, వేలు వాసన చూశారు.

"భీమశంకరం గారూ, ఒక్కసారి ఇలా దయచేయండి. ఇది ఏ మట్టి?"

"మనదే."

"ఇప్పుడు విమానం ఈ చక్రాలతో ఎక్కడ దిగినా చక్రం దేన్ని తాకుతున్నట్టు?"

భీమశంకరం గారు చక్రం వైపు చూశారు. అక్కణ్ణుంచి రేవు వైపు చూశారు. రేవులో పడవ ఊగుతోంది. కొంచెమే ఊగుతోంది. అయినా ఆయన చూపు పక్కకి తిప్పుకున్నారు.

"చక్రానికీ విదేశానికీ మధ్య స్వదేశం ఉంది," అన్నారు చివరికి, తీర్పు చదివినట్టు. "నిబంధనకి భంగం లేదు. మూడోది కానివ్వండమ్మా. బురద రాలకుండా."

చారుమతి ఆ రోజు విమానాన్ని నిద్రపోతున్న పసిపిల్లని మంచం మీద పడుకోబెట్టినట్టు దింపింది. పెళ్ళ ఒక్కటి కూడా ఊడలేదు. భీమశంకరం గారు 'మూడు' అని రాసి, స్టూలు మీదే ముద్ర కొట్టి, గులాబీరంగు పత్రం ఆమె చేతిలో పెట్టారు. అది పచ్చదానికి కూడా పనికొస్తుందట. జనం ఆమెని ఎత్తుకున్నారు. ఏ దేశం గెలిచిందో తెలియకపోయినా పాస్టరు గారు పాట అందుకున్నారు.

"సార్, మీ పడవ సాయంత్రం," అంది చారుమతి.

"తాజా పైలట్ ఉండగా పడవెందుకమ్మా?" అన్నారాయన, ఆమె మాట పూర్తి కాకుండానే.

వెనక సీట్లలో విశ్వపతి గారు, ఒక గర్భిణి, ఇద్దరు ముసలివాళ్ళు, టీకా మందుల ఐసు పెట్టె, గంపలో నాలుగు కోళ్ళు. ముందు, చారుమతి పక్క సీట్లో భీమశంకరం గారు. ఇరవయ్యేడేళ్ళుగా విమానాల ఫైళ్ళు చూస్తున్నా ఆయన చిన్న విమానంలో ముందు సీటు ఎక్కడం ఇదే మొదటిసారి. తోవా దాకా దారిలో మూడు దీవుల్లో ఆగాలి. ఒకచోట వాలుగా ఉన్న గడ్డి, ఒకచోట ఇసుక, ఒకచోట రెండు వరసల కొబ్బరి చెట్ల మధ్య సందు. ప్రతి చోటా జనం పరిగెత్తుకొచ్చారు. డెబ్భై రోజుల తరవాత ఆ చప్పుడు విన్నవాళ్ళు మరి. ఒకావిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి చారుమతి బుగ్గలు పుణికింది. ఐసు పెట్టె అందుకున్న నర్సు నిలబడలేక దాని మీదే కూర్చుంది. భీమశంకరం గారు ఇవన్నీ చూస్తూ టై వదులు చేసుకున్నారు. కింద నీళ్ళు పచ్చగా, నీలంగా, మళ్ళీ పచ్చగా పోతుంటే "ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అని అడిగారు. వానలో ఇంకోలా ఉంటుందంది ఆమె.

నాలుగోసారి తోవా సిమెంటు మీద దిగి ఇంజను ఆపాక, ఆయన ఒళ్ళో నోటుబుక్కు తెరిచి ఉండటం చారుమతి చూసింది. ఎవరూ అడక్కుండానే పెన్సిలుతో నాలుగు గీతలు గీశారు. ఆమె చూసిందని తెలిసి ఆయన పుస్తకం మూశారు.

"ఈ నాలుగూ లెక్కలోకి రావమ్మా," అన్నారు.

బెల్టు విప్పుకుని, తలుపు తీయబోయి ఆగారు.

"బాగా దింపావు."